లండన్‌లో ఐదేళ్ల పాపని లయన్ కింగ్ నాటకానికి తీసుకెళ్లొచ్చా?

పాలకొల్లు నుంచి:
అందరికీ నమస్కారం. మేం లండన్ వచ్చి రెండు నెలలైంది. పాపకి ఐదేళ్లు నిండాయి. మా ఆయన ఆఫీసులో వాళ్లు లయన్ కింగ్ చూపించమని ఒకటే చెబుతున్నారట. రెండున్నర గంటలు కూర్చుంటుందా, మధ్యలో ఏడుపందుకుంటే ఏం చేయాలి అని టెన్షన్‌గా ఉంది. టికెట్ల ధరలు చూస్తే గుండె గుభేలుమంది. వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి.

అత్తిలి నుంచి:
చెల్లీ, నేను షష్ఠి తీర్థానికని ఊరొచ్చాను, మా అరుగు మీద కూర్చునే రాస్తున్నాను. తప్పకుండా తీసుకెళ్లు, కానీ నేను చేసిన పని చేయకు. మా వాడికి నాలుగేళ్లప్పుడు రాత్రి 7.30 ఆటకి తీసుకెళ్లాను. అసలే వాడి నిద్ర వేళ. మృగాల మంద పరుగెత్తుకొచ్చి నాన్న సింహం చనిపోయే సీన్లో నా చున్నీ ముఖం మీదకి లాక్కుని, "అమ్మా, వాళ్ల నాన్న చచ్చిపోయాడా?" అని వణికిపోయాడు. ఎత్తుకుని బయటికి వచ్చేశాను. ఎవరూ విసుక్కోలేదు, తలుపు దగ్గరున్న అమ్మాయి నీళ్లు కూడా ఇచ్చింది. కాబట్టి ఏడుస్తుందని భయపడకు, నడవా పక్క సీటు తీసుకో చాలు.

ఆ సీటు వల్ల ఇంకో లాభం ఉంది. మొదటి పాట మొదలవగానే ఏనుగు, పక్షుల బొమ్మలు జనం మధ్య నుంచే నడిచి స్టేజీ మీదకెళతాయి. కింద స్టాల్స్‌లో, అంటే స్టేజీ ముందున్న నేల సీట్లలో, నడవా పక్కన కూర్చుంటే పాప చెయ్యి చాపేంత దగ్గరగా వెళతాయి. ఆరేళ్లు, ఆపై పిల్లలకి బాగుంటుందని థియేటర్ వాళ్లే చెబుతారు. మూడేళ్లలోపు పిల్లల్ని రానివ్వరు. ఒళ్లో కూర్చోబెట్టుకుంటామంటే కుదరదు, పాపకీ టికెట్ ఉండాల్సిందే. శనివారం మధ్యాహ్నం ఆట చూసుకో.

అన్నిటికంటే ముఖ్యం, కథ ముందే చెప్పెయ్యి, నాన్న సింహం చనిపోతుందని కూడా చెప్పు. మన ఊళ్లో హరిశ్చంద్ర చూసే పిల్లలకి కథ ముందే తెలుసు, అందుకే కాటిసీనులో కూడా చాప మీద హాయిగా నిద్రపోతారు. అక్కడ చాప లేదు, మధ్యలో లేచి తిరగడానికీ ఉండదు.

నిన్న రాత్రి ఇక్కడ హరిశ్చంద్ర నాటకం మొదలవకముందే మా వాణ్ణి తెర వెనక్కి తీసుకెళ్లాను. వీరబాహుడి వేషం వేసే ఆయన చేతద్దం మోకాలికి ఆనించుకుని మీసం దిద్దుకుంటున్నాడు. మా వాణ్ణి చూసి సగం మీసంతో నవ్వాడు. తర్వాత స్టేజీ మీద ఆయన ఎంత గర్జించినా వీడు బెదరలేదు. లయన్ కింగ్‌లోనూ అంతే. దర్శకురాలు జూలీ టేమర్ సింహం ముఖాన్ని నటుడి తలపైన పెట్టింది, కింద మనిషి ముఖం కనిపిస్తూనే ఉంటుంది. "కింద ఉన్న మామయ్యని చూడమ్మా" అని పాపకి ముందే చెప్పు. మన తోలుబొమ్మల్లాంటి నీడబొమ్మలు కూడా ఉంటాయి.

కాకినాడ నుంచి:
ధర గురించి ఒక మాట. ఏటా ఆగస్టు ప్రాంతంలో కిడ్స్ వీక్ అని ఉంటుంది. అందులో ఉన్న నాటకాలకి ఒక పెద్ద టికెట్ కొంటే ఒక పిల్ల టికెట్ ఉచితం. తొందరేమీ లేకపోతే అప్పటిదాకా ఆగండి, పాపకి ఆరేళ్లు కూడా దగ్గరపడతాయి. థియేటర్ లైసియం. దానికి దగ్గరున్న కోవెంట్ గార్డెన్ స్టేషన్లో దిగితే లిఫ్ట్ కోసం ఎంతసేపైనా నిలబడండి. మెట్లు 193 ఉన్నాయి, పాపని ఎత్తుకుని ఎక్కలేరు.

పాలకొల్లు నుంచి:
ఆగస్టు దాకా ఆగుతాం అండీ. అక్కా, ఆ మీసం దిద్దుకోవడం మా పాపకి కూడా చూపించాలనుంది.

అత్తిలి నుంచి:
అయితే ఈ రాత్రికే చూపిద్దాం చెల్లీ. ఇక్కడ తొమ్మిదిన్నరకి రంగు వేసుకుంటారు, అప్పుడు నీకు సాయంత్రం నాలుగు. పాప బడి నుంచి వచ్చేసి ఉంటుందిగా. ఆయన్ని అడిగి వీడియో కాల్ చేస్తాను, ఫోన్ దగ్గర పెట్టుకో.