క్లామర్, ఔట్‌క్రై, అప్‌రోర్: ఏది ఎక్కడ వాడాలి?

అశోక్‌నగర్_అభ్యర్థి
మూడింటికీ డిక్షనరీలో "గోల, కేకలు" అనే ఉంది. ఖాళీలు నింపే ప్రశ్నల్లో ఏది పెట్టాలో తేలట్లేదు. క్లామర్ తర్వాత ఏ ప్రిపోజిషన్ వస్తుంది? స్పెల్లింగ్‌లో యూ ఉండాలా? తెలిసినవాళ్లు చెప్పండన్నా.

గ్రామర్_గది
క్లామర్ అంటే చాలామంది ఒక్కసారిగా, ఆపకుండా చేసే గోల. గంటల మోతకూ బజారు రొదకూ కూడా వాడతారు, అప్పుడు వెనక "ఆఫ్" వస్తుంది. కానీ పరీక్షల్లో, పేపర్లలో కనబడేది ఎక్కువగా రెండో అర్థం: ఏదో కావాలని పట్టుబట్టడం. కావాలంటే "ఫర్", వద్దంటే "అగెనెస్ట్". "ద వర్కర్స్ ఆర్ క్లామరింగ్ ఫర్ హయ్యర్ వేజెస్" అంటే జీతాలు పెంచాల్సిందేనని కార్మికులు పట్టుబడుతున్నారని. ఇక్కడ "అరుస్తున్నారు" అని రాస్తే సగం అర్థం పోతుంది. క్రియ అయితే "టు" కూడా కుదురుతుంది: "ద ఫ్యాన్స్ క్లామర్డ్ టు సీ హిమ్".

ఎక్కువమంది తప్పు చేసేది డిమాండ్‌తో కలిపేసి. డిమాండ్ క్రియగా ఉంటే "ఫర్" రాదు, నామవాచకమైతే వస్తుంది. క్లామర్‌కు రెండు చోట్లా కావాలి. ఎర్రర్ స్పాటింగ్‌లో ముందు అది క్రియా, నామవాచకమా చూడు తమ్ముడూ.

స్పెల్లింగ్: బ్రిటిష్‌లో ఆర్‌కు ముందు యూ ఉంటుంది, అమెరికన్‌లో ఉండదు. విశేషణం క్లామరస్‌లో మాత్రం ఆ యూ ఇద్దరూ రాయరు, హ్యూమరస్ లాగే.

డెస్క్_అనువాదం
ఔట్‌క్రై అంటే ఒక పని మీద జనం వెళ్లగక్కే కోపం. "పబ్లిక్ ఔట్‌క్రై ఓవర్ ద ఫీ హైక్": ఫీజుల పెంపుపై జనం భగ్గుమన్నారు. నామవాచకంగానే వాడండి.

అప్‌రోర్‌లో కోరిక ఉండాలనేం లేదు, గందరగోళమే అసలు సంగతి. "ద హౌస్ వాజ్ అడ్జర్న్డ్ అమిడ్ అప్‌రోర్" అంటే గందరగోళం మధ్య సభ వాయిదా. మన లొల్లి దీనికి చక్కగా సరిపోతుంది, వార్తలో అయితే రభస అని రాయొచ్చు. చివర్లో "రోర్" వినబడినా దానికి గర్జనతో సంబంధం లేదు. డచ్ భాషలో తిరుగుబాటు, అలజడి అనే మాట నుంచి వచ్చింది.

అశోక్‌నగర్_అభ్యర్థి
మస్తు క్లియర్ అయింది. మరి "హ్యూ అండ్ క్రై"?

గ్రామర్_గది
అది పాత ఇంగ్లండ్ చట్టంలోది. నేరస్థుడు పారిపోతుంటే ఊరంతా కేకలు వేస్తూ వెంటాడాలి. 1285 నాటి వించెస్టర్ శాసనంలో ఈ బాధ్యత ఉంది. ఈ "హ్యూ" రంగు కాదు, పాత ఫ్రెంచ్‌లో కేక. ఇప్పుడు "రెయిజ్ ఎ హ్యూ అండ్ క్రై" అంటే గగ్గోలు పెట్టడం. "ఎ" వదిలేయకు.

డెస్క్_అనువాదం
ఒక్కటి కలుపుతాను. వాణిజ్య వార్తల్లో "ఓపెన్ ఔట్‌క్రై" వస్తే ప్రజాగ్రహం అని రాయకండి. బ్రోకర్లు ఒకచోట చేరి కేకలతో, చేతి సైగలతో ధర చెప్పే పద్ధతి అది. బొంబాయి స్టాక్ ఎక్స్ఛేంజ్‌లో 1995లో కంప్యూటర్ తెరలు వచ్చేదాకా అలాగే నడిచింది. "కేకల పద్ధతి వ్యాపారం" అంటే చాలు.