ఐటీఐ ప్రాక్టికల్‌లో వైరింగ్ టెస్టింగ్: మెగ్గర్, ఎర్త్ రీడింగ్, వైవా గురించి చెప్పండి

దేవరకొండ_వైరింగ్:

అందరికీ నమస్తే. ఐటీఐ ఎలక్ట్రీషియన్ ట్రేడ్, రెండో సంవత్సరం చదువుతున్నాను. మాది దేవరకొండ దగ్గర పల్లె. సెలవు దొరికితే మా బాబాయ్ వెంట ఇళ్ల వైరింగ్‌కు పోతాను. పైపులు వేయడం, వైరు లాగడం, బోర్డు కట్టడం చేతికి వచ్చినట్టే. అమ్మాయి ఈ పని చేస్తుందా అని మొదట్లో అన్నవాళ్లే ఇప్పుడు ఫ్యాన్ ఆగితే నన్ను పిలుస్తున్నారు.

నా భయమంతా టెస్టింగ్ గురించే. బాబాయ్‌కి బల్బు వెలిగి, ఫ్యాన్ తిరిగితే పని అయిపోయినట్టు. పరీక్షలో అది చాలదు కదా. ఇన్సులేషన్ రెసిస్టెన్స్ (వైరు పైపొర కరెంటును బయటికి పోనీకుండా ఎంత ఆపుతుందో చెప్పే అంకె) ఒక పుస్తకంలో కనీసం 1 మెగా ఓమ్ అని ఉంది, ఇంకో దాంట్లో 50ని పాయింట్ల (లైటు, ఫ్యాన్, సాకెట్ లాంటివి) సంఖ్యతో భాగించాలని ఉంది. ఏది రాయాలి? ఎర్త్ రెసిస్టెన్స్ కొలిచే ఎర్త్ టెస్టర్ మేకులు ఎంత దూరంలో కొట్టాలి? ఎలా చేయాలో అడిగితే చెప్పగలను, ఎందుకు అని అడిగితే నోరు పెగలదు.

ఇంకొకటి. మొన్న బాబాయ్ కొత్త ఇంటికి చేసిన వైరింగ్‌కు మెగ్గర్ (ఇన్సులేషన్ కొలిచే మీటర్) అడిగి తెచ్చి పెట్టాను. మెయిన్ ఆఫ్ చేసి, డీబీ (డిస్ట్రిబ్యూషన్ బోర్డు) దగ్గర ఫేజ్, న్యూట్రల్ కలిపి ఎర్త్‌కు చూస్తే 0.4 మెగా ఓమ్ వచ్చింది. ఎంసీబీలు (కరెంటు ఎక్కువైతే పడిపోయే స్విచ్‌లు) అన్నీ కిందికి దించినా అదే 0.4. ఎక్కడ వెతకాలో తెలియడం లేదు. టెన్షన్‌గా ఉంది, దయచేసి చెప్పండి.

కల్వకుర్తి_ఎలక్ట్రీషియన్:

నాది పోయిన ఏడాదే అయిపోయింది. థియరీకి భారత్ స్కిల్స్ పోర్టల్‌లో మన ట్రేడ్ ప్రశ్నలు ఉచితంగా ఉన్నాయి, అవి చెయ్. నిమి (ఐటీఐ ట్రేడ్ పుస్తకాలు వేసే సంస్థ) పుస్తకంలో మెగ్గర్, ఎర్త్ టెస్టర్ ఎక్సర్‌సైజులు బొమ్మలు గీస్తూ చదువు. ప్రాక్టికల్‌లో కనెక్షన్ ఇవ్వడానికి ముందు బొమ్మ గీసి చూపిస్తే చూసేవాళ్లకు నమ్మకం కలుగుతుంది. మిగతాది అనుభవం ఉన్నవాళ్లు చెప్తారు.

మిల్లు_కరెంటు_మిర్యాలగూడ:

చెల్లీ, నేను మిర్యాలగూడ రైస్ మిల్లుల్లో కరెంటు పని చూస్తాను. సూపర్‌వైజర్ సర్టిఫికెట్ ఉంది. మా దగ్గరికి అప్రెంటిస్‌కు వచ్చే పిల్లలకు నేను మొదట చెప్పేదే నీకూ చెప్తాను. టెస్టులను బట్టీ పట్టకు, వాటి వరుసను పట్టుకో. ముందు కంటితో తనిఖీ, తర్వాత కంటిన్యుటీ (వైరు మధ్యలో తెగకుండా ఉందా), ఆ తర్వాత ఇన్సులేషన్, పోలారిటీ (ఫేజ్, న్యూట్రల్ తారుమారు కాలేదా), ఎర్త్. సప్లై ఇచ్చిన తర్వాతే ఎర్త్ లూప్ (ఫాల్ట్ కరెంటు పోయి వచ్చే దారి), ఆర్‌సీసీబీ (ఎర్త్‌కు లీకేజీ ఉంటే సప్లై ఆపేది). ముందుది సరిగ్గా తేలకపోతే తర్వాత వచ్చే అంకెకు విలువ లేదు. నీ "ఎందుకు" ప్రశ్నల్లో సగం అక్కడే తీరిపోతాయి.

కంటిన్యుటీనే తీసుకో. గోడలో ఎర్త్ వైరు మధ్యలో తెగిపోయిందనుకో. అవతల ఇనుప బాక్సుకు ఫేజ్ వైరు ఆనుకునే ఉంది. నువ్వు డీబీ దగ్గర నిలబడి మెగ్గర్ తిప్పితే ముల్లు అనంతం దగ్గరికి పోతుంది. బ్రహ్మాండమైన రీడింగ్! కానీ ఆ బాక్సు ముట్టుకున్న మనిషి ప్రాణం పోతుంది. వైరు తెగినా మెగ్గర్ మంచి మార్కులే వేస్తుంది. అందుకే ముందు ఎర్త్ వైరు ఈ చివర నుంచి ఆ చివర దాకా ఉందని తేల్చుకోవాలి. ఇన్సులేషన్ కంటే కంటిన్యుటీ ముందు ఎందుకు అని వైవాలో అడిగితే ఇదే చెప్పు.

కంటితో తనిఖీని తేలిగ్గా తీసుకునేవాళ్లు ఎక్కువ. నా లెక్కలో సగం పరీక్ష అదే. స్విచ్ ఫేజ్‌లోనే ఉందా, న్యూట్రల్‌లో ఫ్యూజ్ పెట్టారా, సాకెట్‌కు ఎదురుగా నిలబడి చూస్తే ఎర్త్ పైన, ఫేజ్ కుడివైపు, న్యూట్రల్ ఎడమవైపు ఉన్నాయా, న్యూట్రల్ నలుపు, ఎర్త్ ఆకుపచ్చ వాడారా, లైట్లకు 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు వేసిన చోట 16 ఆంపియర్ల ఎంసీబీ పెట్టి అదే లైన్‌కు గీజర్ కలిపారా. వీటిలో చాలా వాటికి మీటర్ అక్కర్లేదు. బోర్డు విప్పి చూడాలి, అంతే. చూసిన ప్రతిదీ నోటితో చెప్తూ చూడు, పక్కన నిలబడ్డ పరీక్షకుడికి నీ మనసులో ఏముందో వినపడాలి.

ఇక 1 మెగా ఓమ్, 50 సంగతి. రెండూ ఉన్నవే. పాత ఐఎస్ 732 (వైరింగ్ ప్రమాణం) లెక్క ప్రకారం 50ని పాయింట్ల సంఖ్యతో భాగించాలి, అయితే మొత్తం ఇన్‌స్టలేషన్‌కు 1 మెగా ఓమ్ కంటే ఎక్కువ అడగరు. 20 పాయింట్లకు 2.5 వస్తుంది, కానీ 1 ఉంటే చాలు. 100 పాయింట్లకు 0.5 చాలు. సీఈఏ (కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ) భద్రతా నిబంధనల్లో పాయింట్లతో పని లేదు. 500 వోల్టుల డీసీతో ఒక నిమిషం పెట్టి, ప్రతి లైవ్ కండక్టర్‌కూ ఎర్త్‌కూ మధ్య కనీసం 1 మెగా ఓమ్ ఉండాలి. ప్రశ్నలో పాయింట్ల సంఖ్య ఇచ్చారంటే పాత లెక్క అడుగుతున్నారని అర్థం, చేసి చూపించు. ఇవ్వకపోతే 1 మెగా ఓమ్ రాయి. పాయింట్లు పెరిగితే రీడింగ్ ఎందుకు తగ్గుతుంది అంటారు. ప్రతి పాయింట్ దగ్గరా కొద్దిగా లీకేజీ దారి ఉంటుంది, ఆ దారులన్నీ ప్యారలల్‌లో కలుస్తాయి కాబట్టి.

ఇప్పుడు నీ 0.4. ఎంసీబీలు దించినా అంకె కదల్లేదంటే నీకు సగం జవాబు దొరికినట్టే. సింగిల్ పోల్ ఎంసీబీ ఫేజ్‌నే విడదీస్తుంది. న్యూట్రల్స్ అన్నీ న్యూట్రల్ లింక్ మీద ఒకటిగానే ఉన్నాయి. ఫిట్టింగులు ఇంకా పెట్టని ఇల్లయితే లోపం న్యూట్రల్ వైపే. పెట్టి ఉంటే ఫేజ్ వైరు లోపం కూడా బల్బు గుండానో ఫ్యాన్ గుండానో న్యూట్రల్‌కు వచ్చి కనపడుతుంది, కాబట్టి ముందు అవి తీసెయ్. ఇన్వర్టర్, ఎల్ఈడీ లైట్లు, ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్ ఏవున్నా ముందే విడదీయాలి, 500 వోల్టులకు అవి పాడవుతాయి. తర్వాత లింక్ నుంచి న్యూట్రల్స్ విప్పి, సగం ఒక పక్క, సగం ఒక పక్క పెట్టి మెగ్గర్ చెయ్. ఏ సగంలో 0.4 ఉందో దాన్ని మళ్లీ సగం చెయ్. విప్పే ముందు ప్రతి వైరుకు గుర్తు కట్టు. అన్నిటికంటే ముందు టెస్ట్ ల్యాంప్‌ను లైవ్ ఉన్న చోట వెలిగించి చూసి, నీ సర్క్యూట్ మీద పెట్టి కరెంటు లేదని తేల్చుకుని, మళ్లీ లైవ్ మీద పెట్టి ల్యాంప్ బాగుందని చూసుకో. ఈ మూడు మెట్లు పరీక్షలో చేసి చూపించు.

ఎర్త్ గురించి కాస్త ఎక్కువ చెప్తాను, మన జిల్లాల్లో ప్రాణాలు పోయేది ఇక్కడే. కొద్దిగా తవ్వితే రాయి తగిలే నేల మనది. వేసవిలో బోరు దగ్గర ఎర్త్ గుంత ఎండిపోతుంది, స్టార్టర్ డబ్బా ఇనుముది, రైతు తడి కాళ్లతో పోయి బటన్ నొక్కుతాడు. చదువుకునేటప్పుడు ఆ మనిషిని కళ్ల ముందు పెట్టుకో.

టెస్టర్‌లో నాలుగు టెర్మినళ్లు ఉంటే సీ1, పీ1 (సీ అంటే కరెంటు, పీ అంటే పొటెన్షియల్) కలిపి నీ ఎర్త్ ఎలక్ట్రోడ్‌కు ఇవ్వు. సప్లై ఆపి, ఆ ఎలక్ట్రోడ్‌ను ఇన్‌స్టలేషన్ నుంచి విప్పిన తర్వాతే. సీ2 మేకు దూరంగా, పీ2 మేకు ఆ దూరంలో దాదాపు 62 శాతం దగ్గర, అన్నీ ఒకే వరుసలో. సీ2 30 మీటర్ల దగ్గర కొడితే పీ2 18.6 మీటర్ల దగ్గర. ఒక రీడింగ్‌తో ఆగకు. పీ2ను 3 మీటర్లు ముందుకు, 3 మీటర్లు వెనక్కి జరిపి చూడు. మూడూ దాదాపు ఒకటే అయితే నమ్ము. మారిపోతుంటే సీ2ను ఇంకా దూరం తీసుకుపో. నేల గట్టిగా ఉంటే మేకుల దగ్గర నీళ్లు పోయొచ్చు.

పైపు ఎర్తింగ్‌లో పైపు పొడవు కనీసం 2.5 మీటర్లు. రాయి తగిలితే నిలువు నుంచి 30 డిగ్రీలు మించకుండా వాలుగా దించవచ్చు. పైపు కోసేసి పని ముగించకూడదు. నల్గొండ, పాలమూరు పిల్లలు ఇది తెలియకుండా పరీక్షకు పోకూడదు.

ఎర్త్ 5 ఓములు ఉంది, ఎంసీబీ ఉంది, ఇంక ఆర్‌సీసీబీ ఎందుకు అని అడిగితే లెక్క వేసి చూపించు. ఊళ్లో ఇంటికి సొంత ఎర్త్ మాత్రమే ఉంటే, 230 వోల్టులు భాగించు 5 ఓములు, 46 ఆంపియర్లు. అంతకు మించి ఫాల్ట్ కరెంటు రాదు. సీ టైప్ 16 ఆంపియర్ల ఎంసీబీ క్షణంలో పడాలంటే కనీసం 80 ఆంపియర్లు కావాలి. అంటే ఎంసీబీ వెంటనే పడదు, ఆలోగా డబ్బా మీద వోల్టేజీ నిలబడే ఉంటుంది. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ అక్కడ కావాలి. ఈ ఒక్క లెక్క కాగితం మీద వేస్తే నీ వైవా భయం పోతుంది.

దేవరకొండ_వైరింగ్:

అన్నా, మీకు చాలా థ్యాంక్స్. ఎంసీబీ న్యూట్రల్‌ను విడదీయదని చదివాను గానీ టెస్టింగ్‌లో ఇలా దెబ్బ కొడుతుందని తోచలేదు. ఇవాళ పొద్దున్నే బాబాయ్‌ని తీసుకుని పోయాను. ఫిట్టింగులు ఇంకా పెట్టలేదు. న్యూట్రల్స్ సగం సగం విప్పుతూ పోతే గేటు లైటు దగ్గర తేలింది. కాంపౌండ్ గోడలో జంక్షన్ బాక్సు మూత సరిగ్గా లేదు, గోడకు నీళ్లు కొట్టినప్పుడు లోపలికి పోయి జాయింట్ తడిసింది. జాయింట్ కోసి, ఆరబెట్టి, కొత్తగా చేసి మూత బిగించాం. మళ్లీ మొత్తం కలిపి చూస్తే 15 దాటింది. బాబాయ్ ఇంకో రెండు ఇళ్లకు కూడా మెగ్గర్ పెట్టి చూడమన్నాడు.

ఒక డౌట్. ఆర్‌సీసీబీ మీద టెస్ట్ బటన్ నొక్కితే పడుతోంది కదా, పరీక్షలో అది చూపిస్తే చాలదా?

పాలమూరు_ట్రేడ్_మేడం:

అమ్మా, నేను మహబూబ్‌నగర్ వైపు ఎలక్ట్రీషియన్ ట్రేడ్ చెప్తాను. పైన అన్న చెప్పినవన్నీ సరైనవే. బటన్ సంగతి నేను చెప్తాను, మా పిల్లలు తడబడే ప్రశ్న ఇదే.

బటన్ నొక్కితే ఆర్‌సీసీబీ లోపల ఒక రెసిస్టర్ గుండా కొద్దిగా కరెంటు కాయిల్‌ను తప్పించుకుని పోతుంది, తేడా వచ్చి పడుతుంది. ఆ కరెంటు ఫేజ్ నుంచి న్యూట్రల్‌కే వెళ్తుంది, ఎర్త్ వైరుతో దానికి పని లేదు. ఎర్త్ వైరు అసలే లేని ఇంట్లో కూడా బటన్ నొక్కితే పడుతుంది. కాబట్టి మెకానిజం పని చేస్తోందని మాత్రమే బటన్ చెప్తుంది. ఎంత కరెంటుకు, ఎంత సమయంలో పడుతోందో తెలియాలంటే ఆర్‌సీసీబీ టెస్టర్ కావాలి. మామూలు రకం 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ సగం కరెంటుకు, అంటే 15కు పడకూడదు. 30కి 300 మిల్లీ సెకన్ల లోపు పడాలి. అయిదింతలకు, అంటే 150 మిల్లీ ఆంపియర్లకు, 40 మిల్లీ సెకన్ల లోపు పడాలి.

రికార్డు కూడా జాగ్రత్తగా రాయి. చేతిపని బాగున్న పిల్లలు కూడా రికార్డులో "బాగుంది" అని రాసి మార్కులు పోగొట్టుకుంటారు. ఏ సర్క్యూట్, ఏ రెండింటి మధ్య, ఏ వోల్టేజీతో, యూనిట్‌తో సహా అంకె, కనీసం ఎంత ఉండాలి, పాసా ఫెయిలా. ఫెయిల్ అయితే ఏం చేశావు, మళ్లీ చూస్తే ఎంత వచ్చింది. నీ గేటు లైటు కథను ఇలా ఒక పట్టికగా రాసుకుని పరీక్షకు పో. వైవాలో "నువ్వు వెతికి పట్టుకున్న లోపం ఒకటి చెప్పు" అంటే అదే చెప్పు.

దేవరకొండ_వైరింగ్:

థ్యాంక్స్ మేడం, రేపే పట్టిక వేస్తాను. ఆఖరిది ఒకటి. మా ఐటీఐలో చేత్తో తిప్పే మెగ్గర్ ఉంది, ముల్లు అనంతం గుర్తు మీద ఆగుతుంది. ఇల్లు చూడ్డానికి తెచ్చింది డిజిటల్‌ది, మంచి సర్క్యూట్‌కు 200 ముందు "కంటే ఎక్కువ" గుర్తు చూపిస్తోంది. రెండిటికీ అనంతం అని రాయొచ్చా?

పాలమూరు_ట్రేడ్_మేడం:

ముల్లు ఉన్న దాంట్లో గుర్తు మీద ఆగితే అనంతం అని రాయి. డిజిటల్‌లో "200 మెగా ఓములకు పైన" అని రాయి. ఆ మీటర్ కొలవగలిగింది అంతవరకే, అది కొలవనిదాన్ని నువ్వు రాయకూడదు. చేత్తో తిప్పేదాన్ని నిమిషానికి 160 తిప్పుల వేగంతో, మధ్యలో తగ్గకుండా నిమిషం పాటు తిప్పి, తిప్పుతుండగానే రీడింగ్ చూడు. ఆపాక వైర్లలో ఛార్జ్ మిగిలి ఉండవచ్చు, ఫేజ్‌ను ఎర్త్‌కు ఆనించి డిశ్చార్జ్ చేసిన తర్వాతే చేతితో ముట్టుకో.