సైన్‌బోర్డు గ్యాంట్రీ మీద గద్ద గూడు, పిల్లలతో సహా పక్కకు మార్చొచ్చా?

ప్రశ్న
రోడ్డుకు అడ్డంగా పైన సైన్‌బోర్డులు మోసే ఇనుప చట్రానికి, అంటే గ్యాంట్రీకి, బోల్టులు మార్చి రంగు వేయాలి. పై చట్రంలో గద్ద గూడు, రెండు పిల్లలు. నూగు మధ్యలో ఈక మొలకలు కనబడుతున్నాయి. దగ్గర్లోని వంతెన కింద వానకోయిలలు (స్వాలో పిట్టలు) మట్టిగూళ్లు మొదలుపెట్టాయి. పని ఎన్నాళ్లు ఆపాలి? ఆపలేకపోతే ఎలా మార్చాలి?

జవాబు – గూటికాపు
గుడ్లో పిల్లలో ఉన్న గూటిని ముట్టుకోవాలంటే ముందు వన్యప్రాణి అధికారుల రాతపూర్వక అనుమతి కావాలి. గద్ద పొదగడానికి నెల, పిల్ల ఎగరడానికి ఇంకో ఆరేడు వారాలు పడుతుంది. మీరు చెప్పిన దశను బట్టి ఇంకా సుమారు నెల. ఎగిరాక కూడా కొన్నాళ్లు గూటికొచ్చి తింటాయి. రంగు పని ఒక్కటే అయితే ఆ గ్యాంట్రీని చివరికి పెట్టుకోండి, మార్చే ఆలోచనే వద్దు.

జవాబు – నిచ్చెన
బోల్టులు వదులై బోర్డు పడే ప్రమాదం ఉంటే ఆగలేరు కదా. అప్పుడు మార్చాల్సింది గూటిని, పక్షుల్ని కాదు. పెద్ద పక్షిని పట్టి దూరాన వదిలితే తిరిగొస్తుంది, ఈలోగా పిల్లలు పోతాయి.

60 సెం.మీ. వెడల్పు ఇనుప జాలీ బుట్ట తీసుకోండి. అడుగు జాలీదే ఉండాలి, రేకు వేస్తే నీళ్లు నిలుస్తాయి. పాత గూటికి కొద్ది మీటర్లలోనే, అదే ఎత్తులో, అక్కణ్ణుంచి కనబడేలా జి.ఐ. తీగతో (జింకు పూసిన ఇనుప తీగ) బిగించండి. ప్లాస్టిక్ టై వద్దు, ఎండకు పెళుసెక్కి తెగుతుంది.

మబ్బు, వాన లేని రోజు పొద్దుటిపూట మొదలుపెట్టండి, మిట్టమధ్యాహ్నం వద్దు. లేన్ మూసి, గ్యాంట్రీ లైట్ల కరెంటు తీయించాకే మనిషిని పైకెత్తే లిఫ్ట్ బండి ఎక్కాలి. హెల్మెట్, కళ్లద్దాలు తప్పనిసరి, తల్లి వెనకనుంచి తన్నుతుంది. పిల్లను ఎత్తేముందు కాళ్లు చూడండి. గద్ద గూట్లో గుడ్డపీలికలు, దారాలు, ప్లాస్టిక్ ఉంటాయి. దారం కాలికి చుట్టుకుని ఉండగా లాగితే కాలు విరుగుతుంది. దారం కత్తిరించి, పిల్ల మీద గుడ్డ కప్పి, గాలి ఆడే అట్టపెట్టెలో పెట్టండి. పాత పుల్లల్నే బుట్టలో పేర్చి, మధ్యలో లోతు చేసి పిల్లల్ని దించండి. పాత చోట ఏటవాలు రేకు బిగించకపోతే తల్లి అక్కడే వాలుతుంది. అంతా అరగంటలో అయిపోవాలి.

తర్వాత జనమంతా దిగిపోవాలి. ఒక్కరే దూరాన్నుంచి బైనాక్యులర్‌తో చూడాలి. తల్లి మేత తెచ్చిందంటే సరే. సాయంత్రం దాకా రాకపోతే పిల్లల్ని సంరక్షణ కేంద్రానికి అప్పగించాల్సిందే. ఆ ఏర్పాటు ముందే మాట్లాడి పెట్టుకోండి.

ప్రశ్న అడిగినవారు
మనిషి వాసన తగిలితే తల్లి వదిలేస్తుందంటారు కదండీ? పిల్లలు ఇంకాస్త పెద్దయ్యాక చేస్తే తేలికేమో?

నిచ్చెన
వాసన వల్ల వదలదు, మనుషులు అక్కడే తచ్చాడుతుంటే భయపడి రాదు. పెద్దయ్యాక చేస్తే ఇంకా కష్టం. ఈకలు నిండిన పిల్ల మిమ్మల్ని చూడగానే ఎగరలేక ట్రాఫిక్‌లోకి దూకుతుంది. మరీ చిన్నవైతే ఒంటి వేడి నిలుపుకోలేవు. మీ పిల్లలున్న దశే కాస్త నయం.

జవాబు – వంతెనకింద
వానకోయిలల సంగతి వేరు, మట్టిగూడు పెకలిస్తే పొడై రాలుతుంది, మార్చడం కుదరదు. గుడ్లు పెడితే అయిదారు వారాలు ఆగాలి, మళ్లీ రెండో ఈత పెట్టొచ్చు. ముందు చిన్న అద్దం కర్రకు కట్టి లోపల చూడండి. గుడ్లు లేవని తేలి, అనుమతి చేతికొచ్చాకే తడి మట్టిని నీళ్లు కొట్టి గీకేయాలి. రోజూ చూడాలి, పట్టువదలకుండా మళ్లీ కడతాయి. వచ్చే ఏడాదికైతే అవి రాకముందే వల కట్టండి. వల కన్ను 19 మి.మీ. దాటకూడదు, బిగువుగా ఉండాలి, అంచుల్లో సందు ఉండకూడదు. వేలాడే వలలో రెక్క ఇరుక్కుని చస్తాయి, కాబట్టి కట్టిన వలను వారానికోసారైనా చూడాలి. గ్యాంట్రీ గొట్టాల తెరిచిన కొసలకూ మూతలు వేయించండి, లోపలికి జారిన పిట్ట నున్నటి గోడెక్కి బయటకు రాలేదు.