చెదరులు: కళ్ళు లేని, పుట్టుకతోనే పని రాసిపెట్టి ఉన్న జాతిని ప్లేయర్ చేతికి ఇవ్వొచ్చా?

పుట్టమన్ను · ఆదివారం, రాత్రి 10:12

ఎనిమిది నెలలుగా మా ఫాంటసీ క్యాంపెయిన్ (టేబుల్ చుట్టూ కూర్చుని పాత్రలుగా ఆడుతూ సాగించే కథ) కోసం ఒక జాతిని తయారు చేస్తున్నాను. పేరు చెదరులు. ఎల్ఫ్ అంటే చెవులు సాగిన మనిషి, డ్వార్ఫ్ అంటే గడ్డం ఉన్న పొట్టి మనిషి. పులి తల తగిలించి, రెండు స్టాట్లు (బలం, చురుకు లాంటి అంకెలు) పెంచి కొత్త జాతి అనేస్తున్నాం. లోపల ఉన్నది మనిషే. నాకు లోపల కూడా మనిషి కానిది కావాలి.

పోయిన జూన్‌లో మొదటి వాన పడ్డ రాత్రి మల్కాజిగిరిలో మా ఇంటి ట్యూబ్‌లైట్ చుట్టూ ఉసిళ్ళు ముసిరాయి. తెల్లారి చూస్తే గడప నిండా రెక్కలే. కొన్నాళ్ళకు ద్వారబంధం పక్కన గోడ మీద మట్టి గొట్టం కనబడింది. పుల్లతో అంగుళం మేర గీకాను. లోపలి నుంచి పెద్ద తలల చెదలు వచ్చి, చిల్లు చుట్టూ కోరలు బయటికి పెట్టి నిలబడ్డాయి. వాటి వెనక చిన్నవి ఒక్కొక్కటే మట్టి ఉండ తెచ్చి అతికించి పోతున్నాయి. రాత్రి భోజనం అయ్యేసరికి చిల్లు పూడిపోయింది. కళ్ళు లేవు, చెప్పేవాళ్ళు లేరు. చెదరులు అక్కడే పుట్టారు.

వాళ్ళకు చూపు లేదు. ముప్పై అడుగుల లోపు నేల మీద ఏది కదిలినా పాదాలకు తెలుస్తుంది. నోటితో మాట్లాడరు, తలతో నేలను కొడతారు. నిజం చెదల్లో కూడా కాపలావి ప్రమాదం వస్తే తల కొట్టి మిగతావాటిని హెచ్చరిస్తాయి. కాబట్టి ప్లేయర్ కూడా టేబుల్ దగ్గర వేలి కణుపులతో చెక్కను కొట్టాలి: ఒక దెబ్బ అవును, రెండు ఆగు, గబగబా మూడు ప్రమాదం. లెవెల్ పెరిగినప్పుడల్లా చెదరి కుబుసం విడుస్తాడు. కొన్ని రకాల చెదలకు కుబుసంతో పాటు పేగుల్లోని సూక్ష్మజీవులు కూడా పోతాయి, వాటిని తోటి చెదల నుంచి మళ్ళీ తీసుకోవాలి. దాన్నే రూల్ చేశాను. ఆ రాత్రి ఆర్మర్ క్లాస్ (దెబ్బ తగలకుండా కాచే అంకె) 4 తగ్గుతుంది, పార్టీలో, అంటే తోటి పాత్రల జట్టులో, ఎవరో ఒకరు తినిపించకపోతే మర్నాడు హిట్ పాయింట్లు (ప్రాణబలం) తిరిగి రావు.

పుట్టుకలో మూడు రకాలు: పనివాడు, కాపలా, ఉసిలి. డి6 (ఆరు ముఖాల పాచిక) వేసి తేల్చుకోవాలి, తర్వాత మారదు. పనివాడికి ఆయుధం పట్టడం రాదు. కాపలావాళ్ళు పనివాళ్ళతో మాట్లాడరు.

మూడు సెషన్లు ఆడించాను. ఇంత పరాయి జాతిని ప్లేయర్‌కు ఇవ్వొచ్చా, శత్రువుగానే ఉంచాలా? మీరేమంటారు?

ఇరవై_పలకలు · ఆదివారం, రాత్రి 10:51

పదేళ్ళ నుంచి డీఎంగా (ఆట నడిపేవాడిగా) ఉన్నాను, అందుకే సూటిగా అడుగుతున్నా. గాలిలో ఎగిరేదాన్ని నీ చెదరి ఎలా పసిగడతాడు? గద్ద, గార్గోయిల్ (రెక్కల రాతి భూతం), ఎగిరే మంత్రగాడు, ఏదైనా సరే. నేలకు తగలనిది వాడికి లేనట్టే కదా. ఐదో లెవెల్ దాటితే సగం శత్రువులు ఎగురుతారు. అప్పుడు ఆ ప్లేయర్ ప్రతి దాడీ డిసడ్వాంటేజ్‌తో (రెండు పాచికలు వేసి తక్కువది తీసుకుని) వేయాలి, లేదా నువ్వు ఎగిరేవాటిని మొత్తానికే ఆపేయాలి. ఒక్క ప్లేయర్ జాతి కోసం డీఎం తన లోకాన్ని కత్తిరించుకోవాలా?

చాయ్_బిస్కట్ · ఆదివారం, రాత్రి 10:58

కుబుసం రూల్ అదిరింది అన్నా. మిగతాది రేపు చదువుతా.

పుట్టమన్ను · ఆదివారం, రాత్రి 11:20

ఎగిరేవాటి గురించి పార్టీలో ఇంకొకరు చెప్పాలి, అందుకే అలా పెట్టాను. రెండో సెషన్‌లో హార్పీలు వచ్చినప్పుడు మా విలుకాడు 'ఎడమ, పైన, ఇరవై అడుగులు' అని అరిచాడు, చెదరి అటు రాయి విసిరాడు. టేబుల్ అంతా లేచి నిలబడింది. లోపమే ఒక సంబంధం అయింది.

ఇరవై_పలకలు · ఆదివారం, రాత్రి 11:44

ఒక సెషన్‌లో బాగుంటుంది. ఇరవై సెషన్లు అయ్యాక విలుకాడికి విసుగొస్తుంది. నా అనుభవం వినండి. 2022లో డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆటకు స్పెల్‌జామర్ లోకం మళ్ళీ వచ్చినప్పుడు ప్లాస్మాయిడ్ అనే జిగురుముద్ద జాతిని ఇచ్చారు, అంగుళం సందు ఉంటే చాలు దూరిపోతుంది. మా టేబుల్‌లో ఒకతను అదే తీసుకున్నాడు. తాళం వేసిన ప్రతి గదిలోకీ తలుపు కింద నుంచి ఒక్కడే వెళ్ళేవాడు. ఒక ఆదివారం మిగతా నలుగురం నలభై నిమిషాలు పల్లీలు తింటూ కూర్చున్నాం. మాలో ఇద్దరు ఆ తర్వాత రాలేదు, ఇప్పటికీ ఫోన్ ఎత్తరు. పరాయితనం ఒక్కడికి పండగ, మిగతావాళ్ళకు ఎదురుచూపు.

గార్గోయిల్ ప్రశ్నకు మాత్రం ఇంకా జవాబు రాలేదు. 'ఎవరో చెప్తారు' అన్నది రూల్ కాదు.

కోఠి_పుస్తకాల_పురుగు · సోమవారం, ఉదయం 7:35

ఇద్దరూ కొత్త సమస్య అనుకుంటున్నారు, కాదు. 1977లో వచ్చిన ట్రావెలర్ అనే అంతరిక్ష ఆటలో క్క్రీ అనే జాతి ఉంది. నాలుగు కాళ్ళ మందజీవులు, ఒంటరిగా ఉండలేరు, ఇరుకు గదుల్లో ఉక్కిరిబిక్కిరవుతారు, మాంసం తినేవాళ్ళంటే అసహ్యం. చదువుతుంటే ఒళ్ళు పులకరిస్తుంది. ఒక్క క్క్రీని ఒక చిన్న ఓడలో నలుగురు మనుషులతో ఎక్కించి చూడండి, ఆట నడవదు. 1991లో డార్క్ సన్ లోకం థ్రీ-క్రీన్‌లను ప్లేయర్లకు ఇచ్చింది. నాలుగు చేతుల పురుగులు, నిద్రపోరు. అది నడిచింది. ఎందుకంటే నిద్రపోనివాడు రాత్రి కాపలా కాస్తాడు, పార్టీకి పనికొస్తాడు. క్క్రీల పరాయితనం వాళ్ళను పార్టీ నుంచి దూరం చేస్తే, థ్రీ-క్రీన్‌లది పార్టీలోకి లాగింది. నేను ఏ కొత్త జాతిని చూసినా ముందు ఇదే చూస్తాను. నీ కుబుసం రూల్ రెండో రకం. డి6 రూల్ ఏ రకమో నువ్వే చూసుకో.

ఇంకో సంగతి. పుట్టగొడుగు అన్న మాట ఎక్కడిదనుకున్నారు? మన దగ్గర పుట్టలు కట్టే చెదలు లోపల బూజు తోటలు పెంచుతాయి, వానలకు ఆ తోటలోంచే గొడుగు పుట్ట మీదికి మొలుస్తుంది. చెదరులకు వ్యవసాయం ఇవ్వు తమ్ముడూ. ఇంత మంచి వస్తువు మన మాటలోనే ఉంది.

పుట్టమన్ను · సోమవారం, మధ్యాహ్నం 1:15

తోట ఆలోచన తీసుకుంటున్నాను, థాంక్స్ అన్నా. డి6 ఉంటుంది. అది తీసేస్తే మళ్ళీ 'నచ్చింది ఎంచుకునే మనిషి' అవుతాడు. చెదకు ఎంపిక లేదు, పరాయితనం అక్కడే ఉంది.

ఇరవై_పలకలు · సోమవారం, రాత్రి 9:02

మూడు సెషన్లు ఆడించాను అన్నావు. నాలుగోదానికి నీ పనివాడి ప్లేయర్ రాలేదని విన్నాను. అది ఎందుకు రాయలేదు?

పుట్టమన్ను · సోమవారం, రాత్రి 9:30

అది ఇక్కడ అనవసరం. ఆమె ఆటకు కొత్త, రూల్స్ పూర్తిగా ఎక్కలేదు, కొంచెం సెన్సిటివ్. మీకు గార్గోయిల్ మీద వాదన అయిపోయి ఇప్పుడు నా టేబుల్ మీద పడ్డారు. మీ టేబుల్ నుంచి ఇద్దరు పోతే జాతి తప్పు, నా టేబుల్ నుంచి ఒకరు పోతే నా తప్పా?

ఇరవై_పలకలు · సోమవారం, రాత్రి 9:41

ప్లేటెస్ట్ (ఆడించి పరీక్షించడం) అంటే పోయినవాళ్ళ మాట కూడా వినడమే. నచ్చినవాళ్ళ చప్పట్లు మాత్రమే రాస్తే దాన్ని ప్లేటెస్ట్ అనరు.

నల్లరాయి · సోమవారం, రాత్రి 11:55

ఆ ప్లేయర్ నేనే. ఇక్కడ రెండేళ్ళుగా చదువుతున్నాను, రాయడం ఇదే మొదటిసారి.

రూల్స్ నాకు ఎక్కాయి. ప్రతి దెబ్బకూ ఏ అర్థమో ఇప్పటికీ గుర్తుంది. హార్పీల మీద రాయి విసిరింది నేనే. ఆ రాత్రి మెట్రోలో ఇంటికి పోతూ రాడ్ మీద కణుపులతో కొట్టుకుంటూ వెళ్ళాను, అంత నచ్చింది.

మూడో సెషన్‌లో పుట్ట లోపలికి వెళ్ళాం. గుమ్మంలో కాపలావాళ్ళు మిగతా ముగ్గురినీ లోపలికి పిలిచి నన్ను ఆపారు. పనివాళ్ళకు వెనక దారి ఉంది, అక్కడి నుంచి రా అన్నారు. నేను పోట్లాడతాను అన్నాను. పాత్ర షీట్ చూడండి, ఆయుధం రాదు అని మీరన్నారు. మాట్లాడతాను అన్నాను. కాపలావాళ్ళు పనివాళ్ళతో మాట్లాడరు అన్నారు. మిగతావాళ్ళు రాణి గదిలో గంటసేపు మంతనాలు చేశారు. నేను వెనక దారిలో మట్టి ఉండలు మోస్తూ డైస్ వేశాను. మధ్యలో మీరు చాయ్ తెప్పించారు, బిస్కట్ల ప్లేటు అందరికీ తిరిగింది. నాకు మింగుడుపడలేదు.

మా అమ్మ పెళ్ళయిన కొత్తలో ఊళ్ళో ఒక ఇంటికి వెనక గుమ్మం నుంచే వెళ్ళేది. నీళ్ళు పైనుంచి దోసిట్లో పోసేవారు. నాకు ఆ కథ చెప్పినప్పుడు మా అమ్మ గొంతు ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఆదివారం మధ్యాహ్నం నేను ఇల్లు వదిలి గంటన్నర ప్రయాణం చేసి వచ్చేది ఇంకొకరిలా బతికి చూద్దామని. డి6లో 2 పడింది కాబట్టి ఆ వెనక గుమ్మమే మళ్ళీ నా ముందుకొచ్చింది. ఎనిమిది నెలలు కూర్చుని మీరు కనిపెట్టిన పరాయితనం మా ఇంట్లో అందరికీ తెలిసిందే.

చాయ్_బిస్కట్ · మంగళవారం, ఉదయం 6:50

అక్కా, ఆ రోజు నేను రాణి గదిలో ఉన్నాను. మీరు బయట ఉండిపోయారని నాకు తట్టనే లేదు. క్షమించండి.

పుట్టమన్ను · మంగళవారం, ఉదయం 8:20

మీ గురించి సెన్సిటివ్ అని రాసినందుకు క్షమించండి. అది తప్పు.

కానీ జాతి గురించి నా మాట చెప్పాలి. నేను కులం అని రాయలేదు. చెదలకు కులం లేదు. ఇంగ్లీషు సైన్స్ పుస్తకాల్లో ఈ రకాలను కాస్ట్ అంటారు, ఆ మాట వాళ్ళది. ప్రకృతిలో ఉన్నదాన్ని ఉన్నట్టు తీసుకున్నాను. చేదుగా ఉన్నవన్నీ తీసేస్తే లోకంలో ఏం మిగులుతుంది? అన్యాయం లేని పుట్టలో కథ ఏముంటుంది?

తేనెపట్టు · మంగళవారం, ఉదయం 9:05

జువాలజీ చెప్తాను, ఆట ఆడను. 'ప్రకృతిలో ఉన్నట్టు' అన్నారు కాబట్టి ఒక్క మాట. తేనెటీగల్లో రాణి, పనిది ఒకే రకం గుడ్డు నుంచి వస్తాయి. మొదటి మూడు రోజులు అన్ని పిల్లలకూ రాయల్ జెల్లీ పెడతారు, ఆ తర్వాత రాణి కాబోయేదానికి మాత్రమే అది కొనసాగుతుంది. తేడా తిండిలో వచ్చింది, పుట్టుకలో కాదు. చెదల్లో కూడా కొన్ని రకాల్లో పని చేసేవి తర్వాతి కుబుసాల్లో కాపలాదిగానో రెక్కలదిగానో మారగలవు. ఇంకొకటి, కాపలా చెదల కోరలు ఎంత పెద్దవంటే చాలా రకాల్లో అవి సొంతంగా తినలేవు, పనివే నోటికి అందించాలి. పనివాళ్ళతో మాట్లాడని కాపలావాడు ఆకలితో చస్తాడు. 'తర్వాత మారదు', 'మాట్లాడరు' అన్న రెండు రూల్స్ చెదలవి కావు. మీరు రాసినవి.

కోఠి_పుస్తకాల_పురుగు · మంగళవారం, ఉదయం 10:30

పెద్ద కంపెనీలకూ ఇది తగిలింది. అదే 2022 స్పెల్‌జామర్‌లో హడోజీ అనే కోతిలాంటి జాతికి, ఒక మాంత్రికుడు పట్టుకుని బానిస సైన్యంగా మార్చాలనుకుంటే వాడి శిష్యులు విడిపించారని కథ రాశారు. నల్లజాతివాళ్ళ మీద ఉన్న పాత అవమానాలన్నీ అందులో కనిపించాయని జనం గట్టిగా అడిగారు. సెప్టెంబరులో క్షమాపణ చెప్పి ఆ భాగం తీసేశారు. ఆ ఆట 2024 రూల్ పుస్తకం, ప్లేయర్స్ హ్యాండ్‌బుక్‌లో రేస్ అన్న మాటే లేదు, స్పీసీస్ అని మార్చారు. మనం తెలుగులో ఇంకా జాతి అంటున్నాం. మన ఊళ్ళలో ఆ మాటను తిట్టుగా కూడా వాడతారని మరవొద్దు.

ఇరవై_పలకలు · మంగళవారం, మధ్యాహ్నం 12:10

నేను రెండు రోజులుగా గార్గోయిల్ దగ్గరే ఆగిపోయాను. ఆమె చెప్పింది నాకు కనబడలేదు. అయినా ఒక మాట. వెనక గుమ్మం సీన్ డీఎం తప్పు కూడా. ఏ జాతి అయినా ఒక ప్లేయర్‌ను గంటసేపు బయట నిలబెట్టకూడదు.

నల్లరాయి · మంగళవారం, రాత్రి 10:40

అన్యాయం లేని లోకం కావాలని నేను అడగలేదు. పుట్టలో వెనక గుమ్మం ఉండనివ్వండి. కాపలావాళ్ళు పొగరుగా ఉండనివ్వండి. ఆ గుమ్మాన్ని నేను పగలగొట్టగలగాలి, లేదా పగలగొట్టబోయి ఓడిపోవాలి. అది కథ. మీరు దాన్ని నా షీట్ మీద, నా ఒంట్లో రాశారు. పోట్లాడదామంటే ఒళ్ళు రాదు, మాట్లాడదామంటే నోరు లేదు. నన్ను ఆపింది కాపలావాడైతే వాడి మీద కోపం వచ్చేది. రూల్ ఆపింది. రూల్ మీద ఎవరు గెలుస్తారు?

కళ్ళు లేకపోవడం నాకు కష్టం అనిపించలేదు. చెక్క మీద కొట్టి మాట్లాడటం అస్సలు కష్టం కాలేదు. కుబుసం రాత్రి విలుకాడు నాకు తినిపించాడు, అప్పుడు నేను నిజంగా మనిషిని కాను అనిపించింది, సంతోషంగా. మీకు కావాల్సిన పరాయితనం అక్కడ దొరికేసింది. డి6 ఎందుకు?

పుట్టమన్ను · బుధవారం, రాత్రి 12:35

నిన్నటి నుంచి ఆ రెండు రూల్స్ ఎక్కడి నుంచి తెచ్చానా అని ఆలోచిస్తున్నాను. మా గోడ మీద గొట్టంలో నాకు కనబడింది చిల్లు దగ్గర నిలబడినవి, మట్టి మోసేవి. అవి మాట్లాడుకోవని నాకెవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. రాసేటప్పుడు చేతికి అదే వచ్చింది. మా ఇంట్లో వెనక గుమ్మం లేదు, ఉన్న ఇళ్ళలో పెరిగిన పెద్దవాళ్ళున్నారు.

మార్చినవి ఇవి. డి6 తీసేశాను. ప్రతి కుబుసానికీ చెదరి ఏ రూపంలోకి పోవాలో తనే తేల్చుకుంటాడు, ఆ రూపానికి తగిన తిండి పార్టీ వెతికి తేవాలి. కాపలా రూపంలో ఉన్నవాడు సొంతంగా తినలేడు, ఎవరో ఒకరు పెట్టాలి. బూజు తోట ఉంది. పుట్టలో ఈ మార్పును అడ్డుకునే పాత కాపలా గుంపు ఒకటి ఉంది, తోట తాళాలు వాళ్ళ దగ్గర ఉన్నాయి. వాళ్ళు ఎన్‌పీసీలు, అంటే డీఎం ఆడించే పాత్రలు.

ఎంపిక లేని జీవిని ఆడటం ఎలా అన్న ప్రశ్న నేను వదల్లేదు. అది ఇంకో జాతికి, అందరూ ముందే ఒప్పుకున్న టేబుల్‌కి.

నల్లరాయి గారూ, ఆదివారం వస్తారా?

ఇరవై_పలకలు · బుధవారం, ఉదయం 7:15

ఎగిరేవాటికి రూల్ రాయి. పార్టీలో ఎవరైనా తమ రియాక్షన్ (రౌండుకు ఒక్కసారి చేసే ఎదురుచర్య) ఖర్చు పెట్టి గురి చెప్తే డిసడ్వాంటేజ్ పోతుంది, అని ఒక్క వాక్యం చాలు.

నల్లరాయి · బుధవారం, రాత్రి 8:50

పాత షీట్ నా దగ్గరే ఉంది. కొత్తది పంపండి. చదివి, నచ్చితే శనివారం చెప్తాను. పార్టీలో ఆ విలుకాడు ఉంటాడా?