అప్‌డేట్: పేజీలు ఊడిపోలేదు, రెండో భాగం దొరికింది

పోయిన నెల అడిగాను కదా, 1992లో సూపర్ ఫామికామ్ అనే నింటెండో గేమ్ మెషీన్‌కి వచ్చిన డ్రాగన్ క్వెస్ట్ 5 గేమ్‌ గైడ్ పుస్తకం కొంటే అందులో మ్యాపులే ఉన్నాయి, రాక్షసుల పట్టికలు లేవు, పేజీలు ఊడిపోయాయా అని. ఊడలేదండీ. మీరన్నట్టే అట్ట మీద ఉన్నది ‘జో’ అక్షరం, అంటే ‘పై’ భాగం, రెండిట్లో మొదటిది. ఆయుధాలు, రాక్షసుల సంగతులన్నీ ‘గె’, అంటే ‘కింది’ భాగంలో ఉంటాయట. అమ్మినాయన మాత్రం పూర్తి సెట్ అన్నాడు. జపనీస్ సరిగా రాకుండా కొంటే ఇంతే మరి.

నిన్న టోక్యోలో పాత పుస్తకాలు, బొమ్మల దుకాణాలుండే నకానో బ్రాడ్‌వేకి వెళ్లి ఆ రెండోది పట్టుకున్నా. అంచులు టీ రంగుకి తిరిగాయి. ఈ గేమ్‌లో ఓడిన రాక్షసులు కొన్ని మన జట్టులో చేరతాయి కదా, ఎవరో పిల్లాడు చేరినవాటి పేర్ల పక్కన పెన్సిల్‌తో టిక్కులు పెట్టుకున్నాడు. ఒక స్లైమ్‌కి మూడు టిక్కులు! వాటివల్లే ధర తగ్గింది, నాకైతే అవే ముద్దొచ్చాయి. చివరి పేజీలో ‘షోహాన్’ అని లేదు కాబట్టి మొదటి ముద్రణ కాదు. పర్లేదు.

ఈ గేమ్ కంపెనీ ఎనిక్సే వేసిన నాలుగు గళ్ల కామిక్స్ కూడా రెండు తెచ్చా. జోకులు సగమే అర్థమవుతున్నాయి.

డ్రాగన్ క్వెస్ట్ ఆధారంగా వచ్చిన ‘దాయి’ కామిక్ 37 భాగాలూ కొనమన్నవాళ్లకి: ముందు నాకో అలమారా కొనిపెట్టండి.