పాత పీఎస్3 కొన్నాను, జనం వదిలేసిన మంచి ఆటలు ఏవి?

ఇర్వింగ్ (కొత్త)
అందరికీ నమస్కారం. ఎంఎస్‌కి అమెరికా వచ్చి రెండు నెలలైంది. గరాజ్ సేల్‌లో పీఎస్3 స్లిమ్ (ప్లేస్టేషన్ 3 గేమ్ కన్సోల్‌లో పలచటి మోడల్) దొరికింది. అందరూ చెప్పే పెద్ద ఆటలు రూమ్మేట్ పీఎస్4లో ఉన్నాయి. అందులో లేనివి, దీంట్లోనే ఆడదగ్గవి చెప్తారా? విజయవాడలో ఇంటి దగ్గర కొన్ని డిస్కులున్నాయి, తెప్పించుకుంటే ఇక్కడ నడుస్తాయా?

ప్లేనో
తమ్ముడూ, ఆటల కంటే ముందు నీ కంట్రోలర్ చూసుకో. సోనీ వాళ్ళ అసలైన కంట్రోలర్ (డ్యూయల్‌షాక్ 3) కాకపోతే నేను చెప్పబోయే మొదటి ఆటే ఆగిపోతుంది. చవక నకిలీల్లో వంపు పసిగట్టే సెన్సర్ చాలాసార్లు ఉండదు. ఛార్జింగ్‌కి మినీ యూఎస్‌బీ కేబుల్ కావాలి, ఫోన్ల మైక్రో యూఎస్‌బీ పట్టదు. ఫోన్ అడాప్టర్‌కి పెడితే చాలావాటితో ఎక్కదు, కన్సోల్‌కే గుచ్చు. గుచ్చినా జత కాలేదంటే అది డేటా పోని కేబుల్, మార్చెయ్.

ఇక ఆట: ఫోక్‌లోర్, 2007. ఐర్లండ్‌లో డూలిన్ అనే ఊరు, అక్కడి నుంచి చనిపోయినవాళ్ళ లోకాల్లోకి వెళ్ళి రావడం. ఎలెన్, కీట్స్ ఇద్దరి కథా విడివిడిగా నడుస్తుంది. శత్రువుని కొట్టాక దాని ఆత్మ బయటికి వేలాడుతుంది. దాన్ని పట్టుకుని, రంగు ఎర్రబడే దాకా ఆగి, కంట్రోలర్‌ని గాలం లాగినట్టు పైకి గుంజాలి. తొందరపడితే జారిపోతుంది. లాగిన ప్రాణి ఇక నీ ఆయుధం. ఇది పీఎస్4కి రాలేదు.

ఎడిసన్
పపెటీర్ మర్చిపోయారు. 2013లో, పీఎస్4 వచ్చే ముందు విడుదలై ఆ హడావిడిలో కొట్టుకుపోయింది. ఆటంతా నాటకం స్టేజీ మీదే, 7 అంకాలు, ఒక్కోదాంట్లో 3 తెరలు. కుటారో అనే చెక్కబొమ్మకి సొంత తల పోయింది. దొరికిన తలలు మూడు దాకా పెట్టుకోవచ్చు, దెబ్బ తగిలితే తల ఊడి దొర్లిపోతుంది, మాయమయ్యేలోపు పరిగెత్తి పట్టుకోవాలి. కాలిబ్రస్ కత్తెర దొరికాక గుడ్డా కాగితం కత్తిరించుకుంటూ గాల్లోనే పోవచ్చు. తోలుబొమ్మలాట ఇష్టమున్న ఇంట్లో పిల్లలు పెద్దలు కలిసి కూర్చుని చూస్తారు.

ఫ్రిస్కో
డిస్కుల ప్రశ్నకి ఎవరూ జవాబు చెప్పలేదు. పీఎస్3 ఆటల్లో ఒకటీ అరా తప్ప దేనికీ రీజియన్ తాళం (ఒక దేశపు డిస్కు మరో దేశపు కన్సోల్‌లో నడవకుండా పెట్టే అడ్డు) లేదు, అన్నీ తెప్పించుకో బాబూ. హనుమాన్ బాయ్ వారియర్ ఉంటే అది కూడా. మన హైదరాబాద్‌లో ఆరోనా టెక్నాలజీస్ వాళ్ళు చేసింది, 2009.

ప్లేనో
అయ్యా, అది పీఎస్2 ఆట. పీఎస్2 డిస్కులకి రీజియన్ తాళం ఉంది, మన దగ్గరివి పాల్ (యూరప్, ఇండియా రకం) డిస్కులు, ఇక్కడి కన్సోల్‌లో నడవవు. పైగా స్లిమ్ పీఎస్2 డిస్కుల్ని అసలే తీసుకోదు. తాళం లేనిది పీఎస్3 ఆటలకి మాత్రమే. బ్లూరే సినిమాలకీ ఉంది: ఇండియా సీ, అమెరికా ఏ.

ఫ్రిస్కో
మొదటి 60 జీబీ లావు మోడల్లో పీఎస్2 డిస్కులు నడిచేవిగా!

ప్లేనో
నడిచేవి, అమెరికా డిస్కులు. అయినా లావు మోడల్ వైపు ఈ అబ్బాయిని పంపకండి. పసుపు లైటు వెలిగి చచ్చేవి అవే. హీట్ గన్‌తో చిప్ కాల్చి బాగుచేశామని అమ్ముతారు, కొన్ని వారాలకే మళ్ళీ పోతుంది.

ఎడిసన్
అన్నిసార్లూ చిప్పే కారణం కాదండీ. వాటిల్లో టోకిన్ కెపాసిటర్లు (చిప్‌కి కరెంటు నిలకడగా అందించే భాగాలు) పోయినా అదే లైటు. కాల్చినప్పుడు అవి వేడెక్కి కాసేపు కోలుకుంటాయి, బాగైందనుకుంటారు.

ఆస్టిన్
తమ్ముడికి కావాల్సింది ఇది. అసురాస్ రాత్, 2012. దేవుళ్ళు మోసం చేసిన అసురుడి కోపం, భార్య దుర్గ, కూతురు మిత్ర. పేర్లు మనవి, కథ జపాన్ వాళ్ళది. డిస్కులో 18 ఎపిసోడ్లే, అసలు ముగింపు చివరి 4 ఎపిసోడ్లలో ఉంది, అది విడిగా కొనాలి. చిక్కు ఇక్కడే. డీఎల్‌సీ (ఇలా విడిగా కొనే అదనపు భాగం), డిస్కు ఒకే రీజియన్‌వి కావాలి. డిస్కు అంచున కోడ్ చూడు: బీఎల్‌యూఎస్ అంటే అమెరికా, బీఎల్‌ఈఎస్ అంటే యూరప్. ఇంటి దగ్గర కొన్నది బీఎల్‌ఈఎస్ అయితే ఇక్కడి ప్లేస్టేషన్ ఆన్‌లైన్ స్టోర్‌లో కొన్న ఎపిసోడ్లు దానికి అతకవు, డబ్బు దండగ.

ప్లేస్టేషన్ ఖాతా దేశం తర్వాత మార్చరు. ఇండియా ఖాతాకి అమెరికా గిఫ్ట్ కార్డు ఎక్కదు. ఇక్కడి కొనుగోళ్ళకి ఇక్కడి ఖాతా వేరేగా తెరువు. 2021 అక్టోబరు నుంచి పీఎస్3 స్టోర్ క్రెడిట్, డెబిట్ కార్డులు తీసుకోదు. ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో వాలెట్‌లో డబ్బు వేసి, కన్సోల్‌లో ఖర్చుపెట్టాలి. రెండంచెల భద్రత పెట్టుకుంటే మామూలు పాస్‌వర్డ్ కన్సోల్‌లో పనిచేయదు, ఖాతా సెట్టింగుల్లో డివైస్ సెటప్ పాస్‌వర్డ్ తయారుచేసి అది కొట్టాలి.

ఈమధ్య మన కుర్రాడొకడు ఒక తాకట్టు కొట్లో పీఎస్3 కొన్నాడు. ఆట నడిచింది, డబ్బిచ్చాడు. ఇంటికొచ్చి సోనీ ఆన్‌లైన్ నెట్‌వర్క్‌లోకి వెళ్దామంటే ఆ కన్సోల్‌నే నిషేధించారు, ముందున్నవాడు హ్యాక్ చేశాడు. రసీదు మీద "ఉన్నది ఉన్నట్టు" అని రాసుంది. కొట్టువాడు వాపసు తీసుకోలేదు, మేనేజరు ఫోన్ ఎత్తలేదు, మూడుసార్లు తిరిగాడు. డబ్బిచ్చే ముందు ఫోన్ హాట్‌స్పాట్‌తో అక్కడే సైన్ ఇన్ చేసి చూడాల్సింది.

ఎడిసన్
హాట్‌స్పాట్‌ని 2.4 గిగాహెర్ట్జ్‌లో పెట్టాలి. 5 గిగాహెర్ట్జ్ మాత్రమే ఇచ్చే రూటర్ దీనికి కనపడదు.

హ్యూస్టన్
ఇంకో రెండు. త్రీడీ డాట్ గేమ్ హీరోస్: ప్రాణం నిండుగా ఉన్నప్పుడు కత్తి ఆ గది ఈ చివరి నుంచి ఆ చివరి దాకా సాగుతుంది, ఒక్క దెబ్బ తగిలితే చిన్నదైపోతుంది. టోక్యో జంగిల్: మనుషులు లేని టోక్యోలో పొమెరేనియన్ కుక్కగానో జింకగానో బతకాలి. ఆకలి మీటరు పడిపోతూ ఉంటుంది, ముసలితనం వచ్చేలోపు జోడీ వెతుక్కుని పిల్లల్ని కనాలి. దీనికి ఇక్కడ డిస్కు రాలేదు, స్టోర్‌లోనే కొనాలి.

ఇర్వింగ్ (కొత్త)
చాలా థాంక్స్ అన్నయ్యలూ. కంట్రోలర్ అసలుదే, గుంజి చూశాను. హార్డ్ డిస్కు మాత్రం నిండిపోయింది.

ప్లేనో
స్లిమ్ కిందిభాగంలో చిన్న మూత ఉంటుంది, దాని వెనక నీలిరంగు స్క్రూ ఒక్కటే. తీస్తే ట్రే బయటికి వస్తుంది. 2.5 అంగుళాల సాటా డిస్కు, మందం 9.5 మిల్లీమీటర్లు దాటకూడదు. 1 టీబీ తీసుకో. ముందు సెట్టింగుల్లో బ్యాకప్ తీసుకో, ఎఫ్ఏటీ32గా ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్‌లో పీఎస్3 ఫోల్డర్, దానిలో అప్‌డేట్ ఫోల్డర్ చేసి సిస్టమ్ ఫైల్ పెట్టు. ఖాళీ డిస్కు పెట్టగానే అదే అడుగుతుంది. ఫోల్డర్ పేర్లు ఇంగ్లీషు పెద్ద అక్షరాల్లోనే ఉండాలి.