నొప్పి లేదు చీము లేదు, మరి దవడ ఎముకని సిస్టు ఎలా తినేసిందండీ?

అమలాపురం అబ్బాయి: మా నాన్నగారు చిన్నప్పుడు కాలవగట్టు మీద సైకిల్ మీంచి పడితే పైన ముందుపన్నుకి దెబ్బ తగిలిందంటండి, తర్వాత పన్ను నల్లబడింది, నొప్పి లేదు కదా అని వదిలేసారు. మొన్న చిగురు ఉబ్బితే ఎక్స్‌రే తీయించాం, వేరు చివర గుండ్రంగా నల్లటి మచ్చ, రాడిక్యులర్ సిస్టు, అంటే వేరు చివర కట్టిన నీటిసంచి అన్నారు. ఎందుకొచ్చిందంటే ఇన్‌ఫ్లమేషన్ అని ఒక్క ముక్క చెప్పారంతే. క్యాన్సరేమోనని అమ్మ అన్నం కూడా సరిగ్గా తినట్లేదు.

పాలకొల్లు: మా బాబాయికీ ఇలాగే వచ్చిందండి, ఆపరేషన్ చేసి తీసిన ముక్కని బయాప్సీకి (మైక్రోస్కోపులో చూసే పరీక్షకి) పంపితే మామూలు సిస్టే అని వచ్చింది. అమ్మగారికి ధైర్యం చెప్పండి.

పళ్ళ డాక్టరు, భీమవరం: దవడల్లో ఎక్కువగా కనిపించే సిస్టు ఇదేనండి, క్యాన్సర్ కాదు. దెబ్బకి నరం చచ్చిన పన్నులో బ్యాక్టీరియా చేరి దాని ఎండోటాక్సిన్ అనే విషం వేరు చివర్నించి ఎముకలోకి దిగుతూ ఉంటుంది, దాన్ని ఆపడానికొచ్చిన తెల్లకణాలు ఇంటర్‌ల్యూకిన్-1, ఇంటర్‌ల్యూకిన్-6, టీఎన్ఎఫ్ ఆల్ఫా అనే సంకేతాలు వదుల్తాయి. పన్ను వేరు తయారైనప్పుడు మిగిలిపోయిన మలాసే కణాలు అనేవి కొన్ని అక్కడ నిద్రపోతుంటాయి, ఈ సంకేతాలూ వీటితో వచ్చే గ్రోత్ ఫ్యాక్టర్లూ (కణాల్ని పెరగమనే పదార్థాలు) కలిసి వాటిని లేపేస్తాయి, అవి పెరిగి సంచిలా పొర కడతాయి. లోపల చచ్చిన కణాల వల్ల ద్రవం చిక్కబడి చుట్టూ ఉన్న నీటిని లాక్కుంటుంది, మాగాయ ముక్కలకి ఉప్పేస్తే ఊట దిగుతుంది చూడండి, అదే సూత్రం.

ఎముక సంగతంటారా, నీటి ఒత్తిడి ఒక్కటే కాదండి. అవే సంకేతాల వల్ల ర్యాంక్-ఎల్ అనే ప్రొటీను, ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు పెరిగి ఎముకని కరిగించే ఆస్టియోక్లాస్టు కణాలు తయారవుతాయి. గోదారి లంకని అడుగునించి కోసుకుంటూ పోతే పైన ఉన్నవాళ్ళకి తెలీదు కదా, అలా అన్నమాట, అందుకే నొప్పి లేకుండా ఏళ్ళ తరబడి పెరిగిపోతుంది.

అమలాపురం అబ్బాయి: ఆయ్, ఇప్పుడర్థమైందండి. యాంటీబయాటిక్ బిళ్ళలు వేస్తే తగ్గిపోదా మరి?

పళ్ళ డాక్టరు, భీమవరం: తగ్గదండి, చచ్చిన నరంలో రక్తం తిరగదు కాబట్టి మందు అక్కడికి చేరదు. రూట్ కెనాల్ చేయాలి లేదా పన్ను తీసేయాలి, చిన్నదైతే దాంతోనే మానొచ్చు, పెద్దదైతే ఆపరేషన్. తీసిన ముక్కని మాత్రం తప్పకుండా బయాప్సీకి పంపించమనండి, ఎందుకంటే కెరటోసిస్టు అనే ఇంకో రకం సిస్టు కూడా ఎక్స్‌రేలో ఒక్కోసారి ఇలాగే కనిపిస్తుంది, అది మళ్ళీ మళ్ళీ వచ్చే రకం.

అమలాపురం అబ్బాయి: అమ్మకి మొత్తం చదివి వినిపించానండి. సోమవారం వెళ్తున్నాం, బయాప్సీ మాట నేనే అడుగుతాను.